ఇంట్లో ఆడినా లెక్క లెక్కే

(విశాఖపట్నంలో బల్లమీద ఆటల అభిమానులు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఇస్తున్నాం. మధ్యలో వచ్చిన ఫోన్ల గోల, కుర్చీల సర్దుబాటు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వాళ్లకి వినబడుతోందా? ఆ ఫ్యాను చప్పుడులో నా గొంతు ఆనుతుందో లేదో అని.

మీలో సగం మందికి ఈ ఆట కొట్టిన పిండి. మిగతా సగం మంది పక్కవాళ్లు లాక్కొస్తే వచ్చారు. మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. (నవ్వులు) వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే కంప్యూటర్ ముందు ఆడేది కూడా ఉంది, నేను చెప్పేది అది కాదు. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు, వాళ్లని గేమ్ మాస్టర్ అంటాం, పొట్టిగా జీఎం. మిగతావాళ్లు తలో పాత్ర పట్టుకుంటారు. "నేను కిటికీలోంచి దూకేస్తాను" అంటారు ఒకరు. దూకి నిలబడ్డారా, కాలు విరిగిందా అన్నది ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్, పొట్టిగా డీ అండ్ డీ, తెచ్చారు. అప్పటినుంచీ ఈ తరహా ఆట రకరకాల కంపెనీల చేతుల్లో రకరకాల పేర్లతో పెరుగుతూ వస్తోంది.

ఇప్పుడు అసలు విషయం, ఆర్గనైజ్డ్ ప్లే. మామూలుగా ఒక జీఎం, నలుగురు స్నేహితులు, వాళ్ల కథ వాళ్లది. ఆ నలుగురిలో ఒకతనికి బెంగుళూరు బదిలీ అయిందనుకోండి. అతని పాత్ర ఇక్కడే ఆగిపోతుంది. అక్కడ ముక్కూమొహం తెలియని వాళ్ల బల్ల దగ్గర కూర్చుని "నాది ఐదో లెవెల్ మాంత్రికుడు, నా దగ్గర ఫలానా దండం ఉంది" అంటే ఎవరు నమ్ముతారు? ఎవరిచ్చారయ్యా నీకు ఆ దండం అంటారు. ఆ నమ్మకం కుదిర్చే ఏర్పాటే ఆర్గనైజ్డ్ ప్లే. అందరికీ ఒకే నియమాలు, ఒకే ప్రపంచం, కంపెనీ రాయించి ఇచ్చే సినారియోలు, ఆడిన ప్రతిసారీ చేతికో కాగితం.

ఇది కొత్తదేమీ కాదు. డీ అండ్ డీ కంపెనీ టీఎస్ఆర్ 1980లోనే ఆర్‌పీజీఏ అని ఒక సంఘం పెట్టింది. మొదట్లో అవి పోటీలు, ఎవరు బాగా ఆడారో మార్కులేసేవారు. 1987లో లివింగ్ సిటీ వచ్చాక ఒకే పాత్రని ఊరూరా తీసుకెళ్లి ఆడే పద్ధతి కుదురుకుంది. 2000 నుంచి 2008 దాకా లివింగ్ గ్రేహాక్ నడిచింది. అందులో ఒక తమాషా చేశారు: కథలోని రాజ్యాలని నిజమైన దేశాలకీ, అమెరికాలో అయితే రాష్ట్రాలకీ పంచేశారు. మీరు ఎక్కడుంటే అక్కడి రాజ్యం కథలు మీకు ఆడుకోవడానికి దొరుకుతాయి. 2008లో పైజో కంపెనీ పాత్‌ఫైండర్ సొసైటీ మొదలుపెట్టింది. 2014లో డీ అండ్ డీ ఐదో ఎడిషన్‌తో పాటు అడ్వెంచరర్స్ లీగ్ వచ్చింది. నేను నడిపేది పాత్‌ఫైండర్ సొసైటీ, అందులోనూ పైజోవాళ్ల పాత్‌ఫైండర్ ఆటకి 2019లో వచ్చిన రెండో ఎడిషన్. కాబట్టి ఈ సాయంత్రం లెక్కలన్నీ అక్కడివే.

అందులో చేరడానికి పైసా కట్టక్కర్లేదు. ఒక నంబరు ఇస్తారు. మీ మొదటి పాత్రకి ఆ నంబరు పక్కన గీత పెట్టి 2001, రెండో పాత్రకి 2002. సినారియో అంటే నాలుగైదు గంటల్లో మొదలై, అదే కూర్చోవడంలో ముగిసే కథ. అయ్యాక జీఎం ఒక్కొక్కరికీ క్రానికల్ షీట్ రాసిస్తారు. పోస్టాఫీసు పాస్‌బుక్కు అనుకోండి. ఏ తేదీన ఏం ఆడారు, ఎంత బంగారం చేరింది, ఎన్ని ఎక్స్‌పీ, అంటే అనుభవం పాయింట్లు, పడ్డాయి, కింద నడిపినవారి గుర్తు. సినారియోకి 4 ఎక్స్‌పీ, 12 అయితే ఒక లెవెల్. మూడు కథలకి ఒక మెట్టు ఎక్కుతారన్నమాట.

ఇదంతా విని మా తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న, బహుశా మీ మనసులో కూడా ఉంది: "మనింట్లో మనం ఆడుకోవడానికి ఈ ఆఫీసు గోల ఏటే అక్కా?" పరాయివాళ్ల మధ్య నమ్మకం కోసం పెట్టిన కాగితాలు, నమ్మకానికి లోటు లేని మనకెందుకు అని.

నేననేది, ఆ కాగితాలతో పరాయివాళ్లకంటే మనకే ఎక్కువ పని. ఎందుకో చెప్తాను.

విశాఖలో పెద్దవాళ్లు ఆదివారం ఆదివారం కలిసి ఒకే కథని ఏడాది పాటు ఆడటం జరిగే పని కాదు. మా బల్ల దగ్గర ఒకాయన స్టీల్ ప్లాంటు. ఒక వారం ఎ షిఫ్టు, ఒక వారం బి, ఒక వారం సి. బి షిఫ్టు వారం ఆయన మధ్యాహ్నం రెండింటికి లోపలికెళ్తే రాత్రి పదింటికి గానీ బయటపడరు. ఇంకొకావిడ నర్సు. ఆవిడ డ్యూటీ చార్టు ఆవిడకే ముందు తెలియదు. సింహాచలం చందనోత్సవం వస్తే ఒకరు రారు, పెళ్లిళ్ల సీజనొస్తే ఎవరూ రారు. పెద్ద కథ పెట్టుకున్న గుంపులు ఇలాగే పోతాయి. "ఆయన లేకుండా ఎలా ఆడతాం, వచ్చే వారం చూద్దాం" అనుకుంటారు. వచ్చే వారం ఇంకొకరుండరు. రెండు నెలలకి వాట్సాప్ గ్రూపులో గుడ్‌మార్నింగ్ బొమ్మలు తప్ప ఏమీ మిగలవు.

సినారియో అయితే ఆ బాధ లేదు. ఆ సాయంత్రం ఎవరొస్తే వాళ్లే. కథలో కూడా దానికి సాకు తయారుగా ఉంది. సొసైటీ అనేది అబ్సలామ్ నగరంలో గ్రాండ్ లాడ్జి అనే కోటలాంటి చోట ఉండే అన్వేషకుల సంఘం. పెద్దలు పిలిచి "ఈ పనికి మీ నలుగురూ వెళ్లండి" అంటారు. బి షిఫ్టులో ఉన్నాయన పాత్ర ఆ వారం ఇంకెక్కడికో వెళ్లి ఉంటుంది. ఎవరూ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఒకరు వెనకబడితే కూడా సర్దుబాటుంది. 1 నుంచి 4 లెవెళ్ల సినారియోలో ఒక్కో పాత్రకీ కొన్ని ఛాలెంజ్ పాయింట్లు: ఒకటో లెవెల్‌కి 2, రెండుకి 3, మూడుకి 4, నాలుగుకి 6. ఒకటో లెవెల్ ఇద్దరు, రెండు, మూడు, నాలుగు లెవెళ్ల వాళ్లు ఒక్కొక్కరు కూర్చున్నారనుకోండి, మొత్తం 17. అంత మందికి ఆ మొత్తానికి ఎన్ని అస్థిపంజరాలు దింపాలో సినారియోలోనే రాసి ఉంటుంది. మీరు కూర్చుని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

నర్సుగారు సాయంత్రం డ్యూటీకి వెళ్లాల్సిన రోజుల్లో బౌంటీలు ఆడతాం. గంట, గంటన్నరలో అయిపోయే చిన్న కథలు, 1 ఎక్స్‌పీ వస్తుంది. చుట్టపుచూపుగా విజయనగరం నుంచి ఎవరో వచ్చారు, ఊరికే కూర్చోబెట్టలేం. పైజోవాళ్లు తయారుచేసి పెట్టిన పాత్రలుంటాయి: కత్తి పట్టే వలెరోస్, వైద్యం చేసే కైరా, తాళాలు తీసే మెరిసియెల్. ఒక కాగితం చేతిలో పెడితే పది నిమిషాల్లో ఆటలో ఉంటారు. నచ్చి మళ్లీ వస్తే, ఆ రోజు సంపాదన వాళ్ల కొత్త పాత్రకి రాసుకోవచ్చు.

ఇక రెండోది, నాకు ముఖ్యమైనది. మొహమాటం.

పరాయివాళ్లకి జీఎంగా ఉండటం తేలిక. ఆ మనిషిని మళ్లీ చూస్తామో లేదో. ఇంట్లో అలా కుదరదు. ఒకసారి మా ఇంట్లో జరిగింది చెప్తాను. బల్ల మీద పాతాళగృహం గీసి ఉంది. నాలుగు క్యారమ్ కాయిన్లు మావాళ్లు, ఎర్ర కాయిన్ రాక్షసి. మా తమ్ముడి పాత్ర పడిపోయింది. పాత్‌ఫైండర్‌లో ప్రాణం సున్నాకొస్తే వెంటనే చావరు. డైయింగ్ 1 అంటాం. మీ వంతు వచ్చినప్పుడల్లా డీ20, అంటే ఆ ఇరవై ముఖాల డైస్, వేయాలి. పదికి ఆ డైయింగ్ అంకె కలిపితే ఎంతో, అంత పడాలి. పడకపోతే అంకె పెరుగుతుంది. 4 చేరితే పోయినట్టే. వీడు అప్పటికి 3 మీద ఉన్నాడు. అంటే 13 కావాలి. ఇలాంటప్పుడు ఆదుకోవడానికే ప్రతి ఆటకీ ఒక హీరో పాయింటు ఇస్తారు. ఆ పాయింటుని వీడు గంట ముందే ఒక పెట్టె తాళం తీయడానికి తగలేశాడు. పెట్టెలో ఏమీ లేదు. (నవ్వులు) వైద్యం తెలిసిన పాత్ర మా ఆయనది. ఆయన వంతు వీడి తర్వాత.

వేశాడు. డైస్ దొర్లి దొర్లి వెళ్లి పకోడీల ప్లేటుకి తగిలి ఆగింది. 12.

అందరూ డైస్ వంక చూడటం మానేసి నా వంక చూశారు. మా ఆయన మెల్లగా, "ప్లేటుకి తగిలింది కదా, చెల్లదేమో?" అన్నారు. నేను వంగి చూశాను. డైస్ బల్ల మీద చదునుగానే ఉంది, ప్లేటుకి ఆనుకుని కూడా లేదు. "చెల్లుతుంది" అన్నాను. మా తమ్ముడు "ఒక్కటేనే అక్కా తేడా!" అన్నాడు. "పోయాడ్రా" అన్నాను. స్టీల్ ప్లాంటాయన ఏమీ మాట్లాడకుండా వాడి కాయిన్‌ని పడుకోబెట్టారు. మర్నాడు పొద్దున్న మా అమ్మ ఫోను: "వాణ్ణి చంపేశావటే?" (నవ్వులు, చప్పట్లు)

మీరు చెప్పండి. ఆ 12ని నేను 13 చేసుంటే ఎవరికి నష్టం? ఆ సాయంత్రానికి ఎవరికీ లేదు. కానీ మర్నాటినుంచీ ఆ బల్ల మీద ఏ డైస్‌కీ విలువుండదు. చావుకి భయం లేకపోతే పారిపోవాలా, పోరాడాలా అన్న ఆలోచనే రాదు. ఇంకో సంగతి, ఆ కాగితం మా ఇంట్లో ఆగదు. వాడు హైదరాబాదు వెళ్లి అదే నంబరుతో కూర్చుంటే అక్కడి జీఎం నా మాట నమ్మే కూర్చోబెడతారు. అక్కగా నేను వాడికి కాదని చెప్పలేను. సినారియో నడుపుతున్న మనిషిగా చెప్పగలను. ఆ వెసులుబాటు నాకు ఇచ్చింది మీరు ఆఫీసు గోల అంటున్న ఆ రూలే. అందుకే నేను డైస్ అట్ట చాటున వేయను, అందరికీ కనబడేలా వేస్తాను. జీఎం డైస్ దాచి వేసినంతకాలం చుట్టరికాలు లోపలికొస్తూనే ఉంటాయి.

బహుమతుల దగ్గర కూడా అంతే. పోరాటం ఎలా జరగాలి, ఎంత బంగారం ఇవ్వాలి అన్నవి రాసినట్టే ఉండాలి. "పాపం పుట్టినరోజు కదా, ఒక మంత్రపు కత్తి ఇద్దాం" కుదరదు. పుట్టినరోజుకి కేకు కొనండి.

అయితే రాసినది రాసినట్టు అంటే అక్షరం అక్షరం చదవమని కాదు. సినారియోల్లో ఒక పెట్టె కట్టి, "ఇది చదివి వినిపించండి" అని వర్ణన ఉంటుంది. ఆ ఇంగ్లీషు పేరాలు పైకి చదివితే రెండో వాక్యానికే ఒకరు ఫోను తీస్తారు. ముందు రాత్రి చదువుకుని మన మాటల్లో చెప్పాలి. అబ్సలామ్ రేవు చుట్టూ మునిగిపోయిన ఓడల శిథిలాలుంటాయి. ఎప్పుడెప్పుడో ముట్టడికి వచ్చి ఓడిపోయినవాళ్లవి. మావాళ్లకి అది వర్ణించాల్సిన పని లేకపోయింది. 2020లో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడని చూడటానికి మేమందరం వెళ్లినవాళ్లమే. "ఆ ఓడ గుర్తుందా? అలాంటివి వందలు, తుప్పుపట్టి, వంకరపోయి, మధ్యలో పడవలు తిరిగే దారి" అన్నాను. అంతే, ఒకావిడ వెంటనే "పడవవాడు ఎంత అడుగుతున్నాడు?" అని బేరం మొదలుపెట్టింది. కథలోని పడవవాడు భీమిలి యాసలో మాట్లాడితే ఏ రూలూ అడ్డురాదు. వాడి దగ్గరున్న సమాచారం మాత్రం మారకూడదు.

ఇప్పుడు ఇంటి సంగతి. పుస్తకాల్లో ఎవరూ రాయని సంగతి ఇదే.

ఆతిథ్యం ఇచ్చేవాళ్లూ జీఎం ఒకరే కాకూడదు. దీని మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. మన ఇళ్లకి నలుగురొస్తే మంచినీళ్లు, టీ, తినడానికేదో, పోయేముందు "భోంచేసి వెళ్లండి". ఇవన్నీ చేస్తూ ఆరుగురు శత్రువుల వంతులు గుర్తుపెట్టుకోవడం దేవుడి వల్ల కాదు. జీఎం లేచి వంటింట్లోకి వెళ్లిన ఐదు నిమిషాల్లో బల్ల దగ్గర క్రికెట్ మొదలవుతుంది. మళ్లీ కథలోకి లాక్కురావడానికి పావుగంట. అందుకే ఇల్లొకరిది, కథ ఇంకొకరిది. ఎంవీపీ కాలనీలో ఆడిన వారం గాజువాక వాళ్లు నడుపుతారు. గాజువాకలో ఆడిన వారం మేం నడుపుతాం. తప్పనిసరై ఇల్లాలే జీఎం అయితే ఆ పూట టీ మగవాళ్లు పెడతారు. ఇది పైజో పుస్తకంలో లేదు, మా ఇంటి రూలు. (చప్పట్లు) చప్పట్లు ఆడవాళ్లవే వినబడుతున్నాయి.

తిండి ముందే తినేయండి, లేదా మధ్యలో ఆపి తినండి. బీచ్ రోడ్డు మీద కట్టించుకొచ్చిన ముంత కింద పప్పు పొట్లం విప్పితే డైస్ ట్రేలో ఉల్లిపాయ ముక్కలు, క్యారెక్టర్ షీట్ మీద నూనె వేలిముద్రలు. నిమ్మరసం పడ్డ చోట సిరా అలుక్కుపోయి మా నర్సుగారి పాత్ర ప్రాణం 38 కాస్తా 33 అయింది. ఆవిడ ఒప్పుకోలేదనుకోండి. (నవ్వులు) క్రానికల్ ఉంటే చూసి సరిచేసుకున్నాం. మన ఊరి ఉక్కకి కాగితం ఎలాగూ మెత్తబడి చుట్టుకుపోతుంది. క్లియర్ ఫోల్డర్లు కొనుక్కోండి, ఒక్కో పాత్రకి ఒకటి.

బల్ల కోసం ఖర్చు అక్కర్లేదు. చార్ట్ పేపర్ మీద అంగుళం గళ్లు గీయండి. ఒక్కో గడి ఐదడుగులు. పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు పరవండి. పూర్ణా మార్కెట్‌లో మీటరు లెక్కన దొరుకుతుంది. దాని మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో గోడలు గీసి, గుడ్డతో తుడిచేయొచ్చు. విదేశాల్లో అట్టబొమ్మలు నిలబెడతారు, చూడముచ్చటగా ఉంటాయి. మే నెలలో మన ఇంట్లో నిలబెట్టి చూడండి. ఫ్యాను ఐదులో ఉంటే డ్రాగన్ ఎగిరి టీపాయ్ కింద పడుతుంది. ఫ్యాను తగ్గిస్తే మనుషులు పడిపోతారు. క్యారమ్ కాయిన్లకి ఆ బాధ లేదు. కరెంటు పోయినా ఫోను వెలుగులో కనబడతాయి.

మూడింటికి అనుకుంటే మూడింటికి మొదలుపెట్టండి. మూడున్నరకి వచ్చినవాళ్లు జరుగుతున్న చోట కలుస్తారు. ఎనిమిదికి ముగించాలి. గాజువాక నుంచి వచ్చినవాళ్లు తిరిగి ఇల్లు చేరాలి. సినారియో నిడివి కొలిచి రాసిందే, తొంభై పాళ్లు సరిపోతుంది. సరిపోని రోజున చివరి పోరాటానికి ముందు ఉన్న కబుర్లు కుదించండి. చివరి పోరాటం కుదించకండి.

ఆట అవగానే, అందరూ చెప్పులేసుకోకముందే, క్రానికల్ షీట్లు నింపేయండి. "రేపు పంపుతాను" అన్న షీటు రాదు. పాత్ర నంబరు, ఎక్స్‌పీ, బంగారం, ఏం కొన్నారు. పైజో సైట్‌లో మీ ఆటని ఈవెంట్‌గా ముందే పెట్టుకుని ఉంటే ఫలితం ఆన్‌లైన్‌లో నమోదు చేయడం ఐదు నిమిషాల పని. ఇంట్లో ఆడినదైనా నమోదు చేయొచ్చు. ఆడిన అందరికీ అచీవ్‌మెంట్ పాయింట్లు పడతాయి. నడిపినవాళ్లకి ఎక్కువ పడతాయి. వాటితో మామూలుగా దొరకని జాతుల పాత్రలు తీసుకోవచ్చు. నమోదు చేయకపోతే పాయింట్లు లేవు.

ఇక్కడ ఒక గట్టి మాట చెప్పాలి. నమోదు చేస్తే పూర్తిగా రూలు ప్రకారం ఆడండి. మీ సొంత రూళ్లతో ఆడాలనుంటే హాయిగా ఆడుకోండి, నమోదు చేయకండి. రెండూ కావాలనుకునేవాళ్లకి దారి కూడా ఉంది, చాలామందికి తెలియదు. అడ్వెంచర్ పాత్ అని పుస్తకాలుగా వచ్చే పెద్ద కథలుంటాయి. వాటిని క్యాంపెయిన్ మోడ్‌లో ఆడొచ్చు. అంటే సొసైటీ పాత్రలు అక్కర్లేదు, మీ ఇంటి రూళ్లు పెట్టుకోవచ్చు, చచ్చినవాణ్ణి బతికించుకోవచ్చు. (నవ్వులు) పుస్తకం పూర్తయ్యాక దాని క్రానికల్‌ని మీ సొసైటీ పాత్రల్లో ఒకదానికి రాసుకోవచ్చు. ఇంట్లో స్థిరంగా నలుగురు దొరికే అదృష్టవంతులకి అది మంచి దారి. మా షిఫ్టుల గుంపుకి మాత్రం సినారియోలే.

పీడీఎఫ్‌ల గురించి ఒక్క మాట. కొన్న సినారియో మీద కొన్నవాళ్ల పేరు ముద్రపడి ఉంటుంది. దాన్ని గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి. తప్పు అన్నది ఒకటి. ఆడబోయేవాళ్లే చదివేస్తారన్నది ఇంకొకటి. మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఒకటే. నేను నడిపే కథ ఫైలుకి "కరెంటు బిల్లులు" అని పేరు పెట్టుకుంటాను. మా ఆయన ఆ ఫోల్డర్ వైపే రారు. ఇప్పుడు విన్నారు కాబట్టి పేరు మార్చాలి. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: మొదలుపెట్టడానికి ఎంత ఖర్చవుతుంది మేడమ్?)

నియమాలన్నీ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్‌లో ఉచితం. పైజో అనుమతితోనే నడుస్తుంది. డైస్ ఒక సెట్టు కొనుక్కోండి: నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాలవి. లేకపోతే ఫోన్‌లో యాప్ ఉంది. నాకు నచ్చదుగానీ, చెల్లుతుంది. సినారియో మాత్రం కొనాలి, అది నడిపేవాళ్లు ఒక్కరు కొంటే చాలు. ఒకటి గుర్తుంచుకోండి. 2023 నవంబరు నుంచి రీమాస్టర్ అని నియమాల పుస్తకాలు సవరించి వేస్తున్నారు. పాత పుస్తకం చవగ్గా దొరికిందని కొనేముందు ఏ ముద్రణో చూసుకోండి.

(సభ నుంచి ఒక తల్లి: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వారం వారం ఇలా కూర్చుంటే చదువు పాడవదాండీ?)

వారం వారం వద్దు, నెలకోసారి కూర్చోబెట్టండి. అంత లావు నియమాల పుస్తకం ఇంగ్లీషులో తనంతట తాను చదువుతాడు, అది మీకు కనబడుతుంది. నేను పిల్లల బల్లకి పెట్టిన షరతు ఒకటే. జీఎం మాట్లాడుతుంటే ఫోన్లు బల్ల మధ్యలో బోర్లా పెట్టాలి. పెద్దవాళ్ల బల్లకి కూడా పెడదామనుకున్నాను, ఒప్పుకోలేదు.

(సభ నుంచి ఒక యువకుడు: మన బొబ్బిలి, మన బొర్రా గుహలు పెట్టి కథలు రాసుకోకూడదా? ఈ అబ్సలాములూ అవీ ఎందుకు?)

ఎందుకు కూడదు బాబూ? రాయండి, నేనే వచ్చి ఆడతాను. దాన్ని సొసైటీ ఆటగా మాత్రం నమోదు చేయలేరు, అంతే. ఆ ప్రపంచంలో కూడా వుద్ర అని ఒక దేశం ఉంది, భారతీయ ఛాయలతో కల్పించారు. జల్మెరే ద్వీపం వాళ్లదే. మీ పాత్ర అక్కణ్ణుంచి వచ్చాడని పెట్టుకోండి, పేరు మన పేరే పెట్టుకోండి, ఏ జీఎమ్మూ అభ్యంతరం చెప్పరు. మా స్టీల్ ప్లాంటాయన పాత్ర పేరు అప్పలకొండ. గొడ్డలి పట్టుకుని తిరుగుతాడు.

(సభ నుంచి: మా గుంపులో అందరూ ఆడతామంటారు, నడపడానికి ఎవరూ ముందుకు రారు. ఏం చేయాలి?)

అన్ని ఊళ్లలోనూ ఇదే గొడవ. ముందు వాళ్లకి లాభం చెప్పండి. నడిపినవాళ్లకి కూడా ఆ సినారియో క్రానికల్ వస్తుంది, ఆడకుండానే తమ పాత్రకి రాసుకోవచ్చు. ఒక సినారియోకి ఆడినందుకు ఒకసారి, నడిపినందుకు ఒకసారి. మామూలుగా అంతకుమించి రాదు. మళ్లీ మళ్లీ ఆడదగ్గవని గుర్తు వేసినవి వేరే ఉంటాయి, కొత్త జీఎంలకి అవే మంచివి. ఒకే కథని రెండుమూడు గుంపులకి నడిపితే చెయ్యి తిరుగుతుంది. బౌంటీతో మొదలుపెట్టించండి, చదవాల్సిన పేజీలు తక్కువ. నేనైతే సినారియో రెండుసార్లు చదువుతాను. మొదటిసారి కథ కోసం. రెండోసారి శత్రువుల వివరాలు ఒక్కో అట్టముక్క మీద రాసుకుంటూ. ఆట మధ్యలో పేజీలు తిప్పుతుంటే బల్ల చల్లారిపోతుంది. రూలు గుర్తు రాకపోతే అప్పటికి ఒకటి తేల్చేసి ముందుకు వెళ్లండి, తర్వాత చూసుకోవచ్చు. వచ్చే నెలలో ఎవరైనా మొదటిసారి నడపదలుచుకుంటే టీ దగ్గర నాకు పేరివ్వండి. ఆ రోజు నేను మీ పక్కన కూర్చుని వంతుల పట్టిక రాసిపెడతాను, కథ మీరు చూసుకోండి.